నాంచారి వెంటపడిన మీసం

పైడికొండ రాజ్యానికి ఏ లోటూ ఉండేది కాదు. వానలు వేళకు కురిసేవి. కొండ మీది నరసింహస్వామికి నైవేద్యం వేళకు జరిగేది. రాజు మార్తాండవర్మ మంచివాడే, కాస్త తొందరమనిషి, అంతే. అలాంటి రాజ్యానికి ఉన్నట్టుండి ఒక కష్టం వచ్చిపడింది. పట్టపగలు, నిండు సంతలో, అందరూ చూస్తుండగా యువరాజు కువలయుడు పొట్టేలుగా మారిపోయాడు.

అందరూ చూశారు కదా, ఇక ఎవరు చేశారో తేల్చడం ఎంతసేపు అని మీకు అనిపించవచ్చు. రాజుగారికీ అలాగే అనిపించింది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. నేరం జరిగితే ముందు ఊరంతా టముకు వేసేవారు. తర్వాత చూసినవాళ్ళందరినీ కచేరీ సావడిలో కూర్చోబెట్టి, ఒకే బానలోంచి పానకం పోసేవారు. దాన్ని సాక్షి పానకం అనేవారు. పానకం తాగుతూ సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. అందరి మాటా ఒకటయ్యేదాకా ఎవరూ లేవకూడదు. తలా ఒక రకంగా చెబితే సభకు మర్యాద కాదని పూర్వం పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. కాని బెల్లం నీళ్ళలో కలిసినట్టు ఒకరి జ్ఞాపకం మరొకరి జ్ఞాపకంలో కలిసిపోతుందని వాళ్ళకు తోచలేదేమో.

టముకు వేసే గంటయ్య ఆరోజు సంతకే వెళ్ళలేదు. ఇంట్లో కునుకు తీస్తున్నాడు. "ఎవరో యువరాజును మంత్రించారట, టముకు వెయ్యి" అని భటులు వచ్చి లేపారు. "ఎవరో" అంటే టముకుకు నిండుదనం రాదని గంటయ్యకు తోచింది. అందుకని తన సొంత సరుకు కొంత చేర్చాడు.

"ఇందుమూలంగా తెలియజేసేది ఏమంటే! ఎర్ర తలపాగా, గుబురు మీసాల మంత్రగాడొకడు యువరాజావారిని పొట్టేలును చేసినాడహో!"

ఇక సావడిలో పానకం మొదలైంది.

"ఎర్ర తలపాగా నేనూ చూసినా," అన్నాడు గాజుల శెట్టి. "కుంకుమంత ఎరుపు."

"తలపాగా సంగతి అట్లుంచు. ఆ మీసం చూసినావా? భుజాల మీదికి వాలి ఉండె," అంది మజ్జిగ అమ్మే ఈరమ్మ.

"భుజాలేంది ఈరక్కా, మోచేతుల దాకా వచ్చినాది!" అన్నాడు పక్కన కూర్చున్న ఇంకొకడు.

బాన అడుగంటేసరికి మీసం మోకాళ్ళు దాటింది. రాజుగారికి మరీ అంత మీసం చెబితే బాగుండదని తిరిగి భుజాల దాకా కత్తిరించి, అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు.

వాళ్ళలో బొరుగులు అమ్మే ఆమె కూతురు నాంచారి కూడా ఉంది. సంత జరిగేటప్పుడు ఆ పిల్ల రంగులరాట్నం మీద తిరుగుతోంది. పానకం రుచిగా ఉందని మరో లోటా తాగి, పెద్దల మాటలు వింటూ కూర్చుంది. వినగా వినగా, కళ్ళు మూసుకుంటే తనకూ మీసం కనబడింది. "అవును, నేనూ చూసినా," అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి మీరు బాగా పట్టుకోవాలి. ఆమెకు నిజంగానే కనబడింది.

ఎర్ర తలపాగా, గుబురు మీసం రెండూ ఉన్న మనిషి కోసం భటులు ఊరంతా గాలించారు. ఒక్కడే దొరికాడు. రంగులరాట్నం తిప్పే ఓబులేసు. నాంచారికి సొంత మేనమామ.

రాజు మండిపడ్డాడు. "వచ్చే పౌర్ణమిలోగా నా కొడుకు మనిషి కాకపోతే వీణ్ణి మొసళ్ళ కందకంలో తోసేయండి!" అన్నాడు.

రాజగురువు ప్రశ్న వేసి చూసి చెప్పాడు. "ప్రభూ, ముసురుకొండ మీద ఒక అవ్వ ఉంది. ఆమె గడప ముందు నిలబడి, చూసింది చూసినట్టు ఎవరు చెబితే వాళ్ళ మాటతో యువరాజు మనిషవుతాడు. చూడనిది ఒక్కటి కలిపినా, చెప్పినవాళ్ళు కూడా గొర్రెలై అవ్వ మందలో చేరిపోతారు."

సాక్షులందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. గాజుల శెట్టికి నడుము పట్టేసింది. ఈరమ్మ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. పొద్దుటి నుంచీ సావడిలోనే ఉన్న ఈరమ్మ పాలు ఎప్పుడు పెట్టిందని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగవలసినవాళ్ళు కూడా అప్పటికే సావడి దాటారు.

నాంచారి చెరసాల దగ్గరికి పరుగెత్తింది. ఊచల వెనక ఓబులేసు మీసం నిమురుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మే పాపా, నామీద నువ్వు కూడా సాక్ష్యం చెప్పినావంట?"

"నేను నీ పేరు చెప్పలేదు మామా. మీసం ఉండాదని చెప్పినా. కనబడింది, చెప్పినా."

"సరే. ఆ పొద్దు రాట్నం మీద నిన్ను తిప్పింది ఎవరు?"

"నువ్వే."

"యువరాజును మంత్రించింది ఎవరు?"

నాంచారి కళ్ళు మూసుకుంది. "నువ్వే," అని నాలిక కరుచుకుంది.

"అంటే ఈ పక్క రాట్నం తిప్పుతా, ఆ పక్క మంత్రం వేస్తాంటినా? అంత పనిమంతుణ్ణయితే మీ అత్త నన్ను రోజూ ఏల తిడుతుందే?" అన్నాడు ఓబులేసు. నవ్వబోయాడు కాని నవ్వు రాలేదు. "పౌర్ణమి దగ్గరపడుతోంది పాపా."

నాంచారి మళ్ళీ కళ్ళు మూసి చూసింది. రెండూ నిజం కాలేవు. కాని రెండూ ఒకే తీరుగా, అంతే స్పష్టంగా కనబడుతున్నాయి. కొండవైపు తిరిగి నరసింహస్వామికి దండం పెట్టి, "సామీ, కంబంలో దాగిన నిన్నే ఒక పిల్లవాడు కనిపెట్టినాడు. నా తలలో దాగినదాన్ని నేను కనిపెట్టలేనా?" అని మొక్కుకుంది. రాజుగారి సెలవు తీసుకుని, పొట్టేలు మెడకు పట్టుతాడు కట్టి, ముసురుకొండకు బయలుదేరింది.

పొట్టేలు అంటే మామూలు పొట్టేలు కాదు, రాచపొట్టేలు. నేల మీది గడ్డి ముట్టదు. ఆకు పరిచి, దాని మీద వడ్డిస్తే తింటుంది. తిన్నాక చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోయమన్నట్టు ముందుకాళ్ళు చాపుతుంది. పోయకపోతే కొమ్ములతో ఒక కుమ్ము కుమ్ముతుంది.

దారిలో 'వెంబడి అడవి' అనే కారడవి అడ్డం వచ్చింది. ఆ అడవికి ఒక గుణం ఉంది. చూడనిదాన్ని చూశామని చెప్పినవాళ్ళు అందులో అడుగుపెడితే, ఆ చూడనిది వాళ్ళ వెంట నడిచి వస్తుంది. నాంచారి కొంతదూరం వెళ్ళిందో లేదో, వెనక రెక్కల చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే ఒక గుబురు మీసం గబ్బిలంలా ఎగురుతూ వస్తోంది! దాని వెనకే ఒక ఎర్ర తలపాగా దొర్లుతూ వస్తోంది.

"ఛీ, పో!" అని నాంచారి రాయి విసిరింది. మీసం మర్యాదగా పక్కకు తప్పుకుని, మళ్ళీ వెంటపడింది.

అడవి మధ్య ఒక ఏరు. ఏటి గట్టున దుంపరోమ అనే రాక్షసి కూర్చుని, తాటిమట్టతో వీపు గోక్కుంటోంది. నాంచారిని చూడగానే దాని కళ్ళు మెరిశాయి.

"భయపడకు పాపా, నేను మనుషుల్ని తినను. పళ్ళు ఊడిపోయినాయి. నాకు కథలంటే ప్రాణం. ఒక కథ చెప్తే ఏరు దాటిస్తా."

నాంచారి యువరాజు కథ మొదలుపెట్టింది. రాక్షసికి ఓపిక లేదు. మాట మాటకూ అడ్డం వచ్చేది. "తర్వాత ఆ మంత్రగాడు పారిపోయినాడు గదా, కుంటుకుంటా పోయినాడా, పరుగెత్తినాడా?"

నాంచారి ఆలోచించింది. ఏదో ఒకటి చెప్పాలి కాబోలు అనుకుంది. "పరుగెత్తినట్టు లేదు. అయితే కుంటుకుంటానే పోయింటాడు."

"ఏ కాలు కుంటు?"

"ఎడమ... ఎడమదే."

వెనక టపటపమని చప్పుడు. మీసానికీ తలపాగాకూ కింద రెండు కాళ్ళు మొలిచాయి. ఎడమ కాలు కుంటుతోంది. పొట్టేలు బెదిరి, నాంచారి వెనక దాక్కుంది. రాక్షసి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, అందరినీ భుజాల మీద ఎక్కించుకుని ఏరు దాటించింది. కాళ్ళు కూడా ఎక్కి కూర్చున్నాయి.

అవతలి గట్టున ఒక ముసలి ఏదుపంది దారికి అడ్డంగా పడుకుని ఉంది. దాని ముళ్ళు దాటడం ఎవరితరం కాదు. అయితే అది మహా తియ్యగా మాట్లాడుతుంది.

"ఆహా, ఎంత తెలివైన ముఖం! అందరూ చూస్తారమ్మా, నీలాగా గుర్తుపెట్టుకునేది ఎంతమంది? మంత్రగాడి కళ్ళ రంగు కూడా నీకు గుర్తుండే ఉంటుంది."

గుర్తు లేదంటే తెలివి తక్కువ పిల్ల అనుకుంటుందేమో అని నాంచారికి సిగ్గేసింది. "పచ్చ కళ్ళు," అంది.

"అబ్బ! చేతిలో కర్ర వెండిదేనా?"

"వెండిదే."

"ముఖం కోలగా ఉండాదా, గుండ్రంగానా?"

"గుండ్రం."

ఏదుపంది మెచ్చుకుంటూ లేచి దారి ఇచ్చింది. నాంచారి తిరిగి చూసింది. అప్పటికి వెనక ఒక మనిషే తయారయ్యాడు. గుండ్రటి ముఖం, పచ్చ కళ్ళు, వెండి కర్ర, కుంటి కాలు. కళ్ళు తప్పిస్తే అచ్చం ఓబులేసు మామ ముఖమే. మెడ మాత్రం లేదు. తల కాస్త పైన గాలిలో తేలుతోంది.

"తల్లీ, ఆ చేత్తో ఒక మెడ కూడా చూసిపెట్టు. దగ్గొస్తే మహా ఇబ్బందిగా ఉండాది," అన్నాడా మనిషి.

నాంచారి ఒక అడుగు వెనక్కి వేసింది. "నువ్వెవరు?"

"అదేంది, నువ్వు చూసిన మంత్రగాణ్ణే! నన్ను నువ్వు చూడకపోతే నేనెట్ల వస్తాను?"

నాంచారి పొట్టేలును లాక్కుని పరుగందుకుంది. ముసురుకొండ అడుగున ఒక పర్ణశాల కనబడింది. లోపల ఒక ముని మారేడు దళాలు కడిగి పళ్ళెంలో పేరుస్తున్నాడు. నాంచారి ఆయన పాదాల మీద పడి, "నన్ను కాపాడండి స్వామీ!" అంది.

"ఏం జరిగిందమ్మా?" అన్నాడు ముని.

ఆమె చెప్పసాగింది. ముని మధ్యలో అడ్డం రాలేదు, ఔననలేదు, కాదనలేదు. ఆమె ఆగినప్పుడల్లా "ఆపైన?" అనేవాడు, మారేడు దళం కడిగేవాడు. ఎర్ర తలపాగా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆపాడు.

"తలపాగా సంగతి నీ కన్ను చెప్పిందా, ఇంకెవరి నోరైనా చెప్పిందా?"

నాంచారి వెనక్కి వెనక్కి గుర్తు తెచ్చుకుంది. ఎర్రటి గుడ్డ తలచుకుంటే దాని వెనక సంత కనబడలేదు. గంటయ్య గొంతు వినబడింది, టముకు చప్పుడుతో సహా.

"గంటయ్య నోరు చెప్పింది స్వామీ!"

బయట మంత్రగాడు కెవ్వుమన్నాడు. తలపాగా పొగలా ఎగిరిపోయింది. దాని కింద బోడిగుండు తళతళ మెరిసింది.

"దేవుడు మనకు జ్ఞాపకాన్ని రాతి మీద చెక్కి ఇవ్వలేదమ్మా, తడిమట్టిగా ఇచ్చాడు. ఎవరు వేలు పెడితే వాళ్ళ వేలిగుర్తు పడుతుంది. ఎందుకలా చేశాడో నాకు తెలియదు. రాయి అయితే మన దుఃఖాలు కూడా చెరగవని కాబోలు," అన్నాడు ముని. "కొండ ఎక్కు. మిగతావి నిన్ను నువ్వే అడుక్కో."

ముసురుకొండ శిఖరం మీద చిన్న గుడిసె. గడప మీద ఒక అవ్వ ఉన్ని వడుకుతోంది. చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి. కొన్నింటి చూపులు మనుషుల చూపుల్లా ఉన్నాయి. అవి ఏమని చెప్పి గొర్రెలయ్యాయో నాంచారి అడగలేదు.

"చెప్తావా పాపా? చూసి చెప్పు," అంది అవ్వ.

నాంచారి కళ్ళు మూసుకుంది. ఈసారి మంత్రగాడి దగ్గర మొదలుపెట్టలేదు. రాట్నం దగ్గర మొదలుపెట్టింది. చేతుల కింద చెక్కగుర్రం మెడ, ముఖానికి గాలి, కింద మామ కూనిరాగం.

"మామ రాట్నం తిప్పుతాండె. నేను సంతవైపు వచ్చినప్పుడు యువరాజు కనబడినాడు. గొంగళ్ళ కుప్ప పక్కన నిలబడి నవ్వుతాండె. మళ్ళీ సంతవైపు వచ్చేసరికి ఒక గొంగడి కప్పుకొని, చేతులూ మోకాళ్ళూ నేల మీద పెట్టి, మే మే అని అరుస్తాండె. అందరూ నవ్వుతాండిరి. నేనూ నవ్వినా."

"ఆపైన?"

"ఇంకో చుట్టు వచ్చేసరికి అక్కడ పొట్టేలుండె."

"మధ్యలో?"

నాంచారి ఆ చుట్టు మళ్ళీ గుర్తు తెచ్చుకోబోయింది. మంత్రగాడు కుంటుకుంటూ వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు. ఇప్పుడతని గొంతు కూడా ఓబులేసు గొంతులాగే ఉంది.

"ఆ మధ్యలోనే పాపా నేనుండేది! అక్కడ ఖాళీ వదిలేస్తే ఎవరు నమ్ముతారు? రాజుకు ఒక మనిషి కావాల. నన్ను చెప్పు, నీ మామను వదిలేస్తారు. పచ్చ కళ్ళు నా గుర్తు, మీ మామవి నల్లవి గదా!"

మాట తియ్యగానే ఉంది. నాంచారి పొట్టేలును చూసింది. ఖాళీ వదిలేస్తే మంత్రం విడుతుందో లేదో తెలియదు. విడకపోతే పౌర్ణమికి మామ మొసళ్ళ పాలు. ఏదో ఒకటి చెబితే బాగుండునని నాలిక దురద పెట్టింది. ఆమె మంత్రగాడిని వదిలి అవ్వ వైపు తిరిగింది.

"కుంటికాలు రాక్షసి అడిగింది, నేను చెప్పినా. పచ్చ కళ్ళు, వెండి కర్ర, గుండ్రటి ముఖం ఏదుపంది మెచ్చుకోలు కోసం చెప్పినా. మీసం సావడిలో పానకంతో పాటు తాగినా."

ఒక్కొక్క మాటకూ మంత్రగాడి ఒక్కొక్క భాగం ఊడిపోయింది. చివరికి మీసం ఒక్కటే మిగిలి, గాలిలో రెపరెపలాడుతూ, "నన్నయినా ఉంచుకోమ్మా! ఎంత కష్టపడి పెరిగినాను!" అని ఏడ్చింది.

"అవ్వా, ఆ మధ్యలో నా ముఖం అటువైపు తిరిగుండె. గానుగ, కొండ, ఆకాశం, అంతే కనబడినాయి. ఏం జరిగిందో నేను చూడలేదు."

మీసం టప్పున ఆరిపోయింది. పొట్టేలు వీపు మీది ఉన్ని వదులై, గొంగడిలా జారి కిందపడింది. దాని కింద చేతులూ మోకాళ్ళూ నేల మీద పెట్టి యువరాజు కువలయుడు ఉన్నాడు.

"మే... అంటే, నేనే!" అన్నాడు.

అవ్వ గొంగడి తీసి దులిపి, భుజాన వేసుకుంది. "ఇది నేను నేసిందే నాయనా. నా గొర్రెల్ని వెక్కిరిస్తా దీన్ని కప్పుకున్నవాళ్ళు గొర్రెలవుతారు. సంతలో అమ్మే గొంగళ్ళలో పొరపాటున కలిసిపోయింది. నీమీద నాకు కోపం లేదు."

"అయితే ఆ మధ్యలో ఏం జరిగింది అవ్వా? నువ్వు కుప్ప పక్కనే ఉంటివా?" అని నాంచారి ఆత్రంగా అడిగింది.

"ఉంటినమ్మా. సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము వచ్చింది."

ఇద్దరూ యువరాజు వైపు చూశారు. అతను తల గోక్కున్నాడు. "నాకు గడ్డి రుచి తప్ప ఏమీ గుర్తు లేదు. కాని ఆకు పరిచి పెట్టింది నువ్వని తెలుసు. కుమ్మినందుకు క్షమించు."

అవ్వ వాళ్ళిద్దరినీ తన మందలోని, ఆకాశంలో ఎగిరే గాలిగొర్రె ఎక్కించి పంపింది. పౌర్ణమి పొద్దు వాలకముందే అది కందకం గట్టున దిగింది. ఓబులేసును అప్పటికే అంచున నిలబెట్టారు. కింద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఆపండి!" అని అరిచాడు యువరాజు. "నన్నెవరూ మంత్రించలేదు నాన్నగారూ! అల్లరికి గొంగడి కప్పుకుని నాకు నేనే పొట్టేలునయ్యాను!"

రాజు పరుగున వచ్చి కొడుకును కౌగలించుకుని, ఏడ్చి, తర్వాత సాక్షుల వైపు తిరిగి గుడ్లురిమాడు.

"గొంగడే ప్రభూ! నల్ల గొంగడి. మేము అప్పుడే చూసినాము!" అన్నాడు గాజుల శెట్టి.

"అంచుకు ఎర్ర చార కూడా ఉండె," అంది ఈరమ్మ.

అంచుకు ఏ చారా లేదు. కాని ఇద్దరూ మనస్ఫూర్తిగానే చెప్పారు.

నాంచారి మామను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఏడవమాకు పాపా," అన్నాడు ఓబులేసు. "మొసళ్ళు నా మీసం చూసి ఎట్లాగూ భయపడేవి." అలా అన్నాడు కాని కందకం వైపు మాత్రం మళ్ళీ తిరిగి చూడలేదు.

రాజు తన తొందరకు సిగ్గుపడి, సాక్షుల విచారణ అంతా నాంచారికి అప్పగించాడు. ఆమె ఆచారాన్ని తీసేయలేదు, తిరగేసింది. ముందు ఒక్కొక్కరూ వేరే గదిలో కూర్చుని తాము చూసింది చెప్పాలి. పానకం ఆ తర్వాతే. గంటయ్య ఇకమీదట "సంతలో ఏదో జరిగిందహో, చూసినవాళ్ళు రండహో" అని మాత్రమే టముకు వేయాలి. ఇంత చప్పిడి టముకు తన వంశంలో ఎవరూ వేయలేదని గంటయ్య చాలా బాధపడ్డాడు.

మొదటి విచారణ ఒక పనసపండు దొంగతనం. ఒక సాక్షి దొంగ పొడుగన్నాడు, ఒకడు పొట్టి అన్నాడు, ఒకామె దొంగే లేడు, పండు దానంతటదే రాలిందంది. రాజు తల పట్టుకున్నాడు. "ఒక్క మాటా కలవడం లేదే! ఇప్పుడెలా?"

"ఇప్పుడు పని మొదలుపెట్టొచ్చు ప్రభూ," అంది నాంచారి సంతోషంగా.

ఏళ్ళు గడిచాయి. కువలయుడు రాజయ్యాడు. నాంచారిని పెళ్ళాడతానని అడిగితే, ఆమె కొన్నాళ్ళు ఆలోచించి, అమ్మనూ మామనూ అడిగి, ఒప్పుకుంది. పెళ్ళి నరసింహస్వామి సన్నిధిలో జరిగింది. వాళ్ళిద్దరూ పైడికొండను చల్లగా ఏలారని విన్నాను. ఆ పెళ్ళిభోజనంలో బూరెలు మహా రుచిగా ఉన్నాయని కూడా విన్నాను గాని, పంక్తిలో నేను కూర్చోలేదు పిల్లలూ. కాబట్టి ఆ సంగతి నన్ను అడగకండి.